ముప్పై ఒకటో నిమిషం

సాయిప్రియ ఉద్యోగమేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇతరుల ఆశల మీద నీళ్ళు చల్లడం. ఆ మాట ఆమే నవ్వుతూ అనేది. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల పరిశోధన కంపెనీలో పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. మిగతావాళ్ళు ఆకులూ వేళ్ళూ బెరడులూ నూరి, నానబెట్టి, సారం తీసి ఆమె బల్ల మీద పెడతారు. ఆ సారాన్ని మిషన్‌లోకి ఎక్కిస్తే అందులో ఉన్న పదార్థాలు విడివడి, ఒక్కొక్కటి ఒక్కో నిమిషానికి బయటికొస్తాయి. వచ్చినప్పుడల్లా తెర మీద ఒక చిన్న కొండ లేస్తుంది. దాన్ని పీక్ అంటారు. దాని బరువెంతో కూడా మిషనే చెబుతుంది. ఆ బరువు పట్టుకుని, లక్షల పేర్లున్న జాబితాలో వెతికి, ఇంతకుముందే దీన్ని ఎవరైనా కనిపెట్టారేమో తేల్చాలి. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఎవరో ఒకరు కనిపెట్టే ఉంటారు. అప్పుడామె కాగితం మీద ‘తెలిసిందే’ అని రాసి సంతకం పెడుతుంది. ఇక ఆ పీక్ కథ కంచికి పోయినట్టే. ఆమె సంతకం లేకుండా ఏ పదార్థాన్నీ కొత్తదని అనకూడదన్నది ఆ ల్యాబులో పద్ధతి.

వెనకాల తనను ‘తెలిసిందే మేడం’ అంటారని ఆమెకు తెలుసు. కోపం తెచ్చుకునేది కాదు. ఎంత పెద్ద చదువు చదివినవాళ్ళయినా తన బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే కదా అని లోలోపల కాస్త గర్వం కూడా.

ఆమెకూ ఒకసారి ఆశ పుట్టింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక బెరడు సారంలో ఏ మొక్కల జాబితాకూ అందని పీక్ కనబడింది. పది రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు. తణుకులో ఉన్న నాన్న గోపాలరావుకు ఫోన్ చేసి చెబితే, ఆయన వీధంతా టాంటాం వేశాడు. పదకొండో రోజు తేలిందేమిటయ్యా అంటే, అది చెట్టుది కాదు, సారం పోసిన ప్లాస్టిక్ గొట్టంలోంచి కారిన రసాయనం. ల్యాబ్ హెడ్ చలపతిరావు మంచివాడు కాబట్టి నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. మిగతావాళ్ళు ఆ మర్యాద కూడా పాటించలేదు. ఆ తర్వాత ఆమె ఏ పీక్ వంకా ఆశగా చూడలేదు.

అటువంటి చోటికి రెండేళ్ళ కిందట సృజన వచ్చి చేరింది. మేడ్చల్ అమ్మాయి. వాళ్ళ నాన్నకు ఊరి చుట్టూ భూములు, వాటిల్లో సగం ఇప్పుడు ప్లాట్లు. సాయిప్రియ కొంపల్లిలో ఏడున్నరకే కంపెనీ బస్సెక్కి కిటికీకి తల ఆనించి తూగుతూ వస్తే, సృజన తన కారు తనే నడుపుకుంటూ తొమ్మిదింటికి తాపీగా దిగేది. పోనీ మనిషి చెడ్డదా అంటే అదీ కాదు. ‘అక్కా, అక్కా’ అంటూ వెనకే తిరిగేది. టిఫిన్ డబ్బాలో సర్వపిండి రెండు ముక్కలు ఎక్కువే తెచ్చి ముందు సాయిప్రియకే పెట్టేది. తిట్టుకోవడానికి ఏ సందూ దొరకని మనిషి మీద అసూయ పడడమంత అవస్థ ఇంకోటి లేదు.

గడ్డిచామంతి తెలియనివాళ్ళు ఉండరు. రోడ్డు పక్కన, గోడ పగుళ్ళలో, ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. పిల్లల మోకాలు చెక్కుకుపోతే ఆ ఆకే నలిపి రసం పిండుతారు. దాని ఆకు సారం సాయిప్రియ చేతికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ మొదటి నుంచి చివరిదాకా తెలిసిందే. సృజన ఆకును వదిలేసి వేరు పట్టుకొచ్చింది.

“మా బుచ్చవ్వ ఆకు గాదక్కా, వేరు నూరి కట్టేది. మానని పుండ్లకు,” అంది. “మేం గాయపాకు అంటం. అందరు ఆకే సూస్తున్నరు గదా, నేను వేరు సూద్దామనుకున్న.”

ఆ వేరు సారంలో ముప్పై ఒకటో నిమిషానికి ఒక పీక్ లేచింది. చిన్నదే. కానీ గడ్డిచామంతిలో ఉన్నాయని రాసిపెట్టిన పదార్థాల్లో దానికి జోడీ దొరకలేదు. గాజు సీసాలు మార్చారు, ద్రవాలు మార్చారు, సారం లేకుండా ఉత్త ద్రవం ఎక్కించి చూశారు. ప్లాస్టిక్ గొట్టం భాగోతం కాదు. పైగా దాన్ని గాజు పళ్ళెంలో పెంచిన చర్మకణాల మీద వేస్తే, గీత గీసి ఖాళీ చేసిన చోటు, గాయం మానినట్టు, రెండు రెట్లు జోరుగా పూడుకుంది.

చలపతిరావు ఆ రోజు సృజనను తన గదిలోకి పిలిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి తన చేత్తో టీ పోసిచ్చాడు. పదకొండేళ్ళలో ఆ ఫ్లాస్కు మూత సాయిప్రియ కోసం ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. అద్దం తలుపులోంచి ఆ కప్పు చూస్తుంటే ఆమెకు కడుపులో మంట లేచింది. ఎసిడిటీ అనుకుని మాత్ర వేసుకుంది. ఎసిడిటీ కాదని ఆమెకూ తెలుసు.

ఆదివారం ఇంట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని మొగుడు నాగసాయి దగ్గర ఏకరువు పెట్టింది.

“అందులో గొప్పేముందండీ? అందరూ ఆకు తెస్తే అది వేరు తెచ్చింది, అంతేగా. చలపతిరావు గారు మొన్నటిదాకా దాని పేరు కూడా సరిగ్గా పలికేవారు కాదు. ఇప్పుడు సృజనా, సృజనా అని ఒకటే గోల. నిన్న పదిహేడుసార్లు.”

“లెక్కపెట్టావా?”

ఆమె ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

“కుళ్ళుకుంటున్నావే నువ్వు,” అన్నాడు నాగసాయి ఈనె తీస్తూ, నవ్వుతూనే.

“నాకెందుకు కుళ్ళు? అది తెలిసిందో కాదో తేల్చాల్సింది నేనేగా. ఇంకా తేల్చలేదు.”

ఆ మాట అన్నాక ఆమెకు ప్రాణం కాస్త కుదుటపడింది. చిక్కుడుకాయలు గబగబా అయిపోయాయి.

సోమవారం నుంచి ఆమె పనిచేసిన తీరు చూసినవాళ్ళు, సృజన కోసం ఈవిడ ఎంత కష్టపడుతోందో అనుకున్నారు. గడ్డిచామంతి జాబితాతో ఆగలేదు. దాని చుట్టాల మొక్కలు, చుట్టాలు కాని మొక్కలు, ఎప్పుడో అచ్చయి ఎవరూ చదవని పాత కాగితాలు అన్నీ తిరగేసింది. శుక్రవారం మధ్యాహ్నం దొరికింది. నలభై ఏళ్ళ కిందట, ఎక్కడో వేరే దేశం పొదలో ఎవరో కనిపెట్టిన పదార్థం. బరువు సరిగ్గా అంతే, నాలుగో దశాంశం దాకా అంతే. మిషన్‌లో పగలగొడితే వచ్చే ముక్కలు కూడా ఇంచుమించు అవే. సాయిప్రియకు కడుపులో చల్ల పోసినట్టయింది.

అయితే బరువు ఒకటైనంత మాత్రాన పదార్థం ఒకటి కాదు. అవే ఇటుకలతో రెండు రకాల ఇళ్ళు కట్టొచ్చు. తేల్చడానికి దారి ఒక్కటే. ఆ పాత పదార్థాన్ని స్వచ్ఛమైనది కొని తెప్పించి, వేరు సారంలో కలిపి, రెండింటినీ కలిపే మిషన్‌లోకి ఎక్కించాలి. ఒకే కొండ ఇంకాస్త ఎత్తుగా లేస్తే రెండూ ఒకటే. రెండు కొండలు లేస్తే వేరులో ఉన్నది వేరేది.

సృజనకు ఆ సంగతి ఆమె చాలా మెత్తగా చెప్పింది.

“అయితే పాతదే అంటరా అక్కా?”

“ఇప్పుడే అనను. ముంబై నుంచి మూడు వారాల్లో సీసా వస్తుంది. కలిపి చూద్దాం.”

సృజన స్టూలు లాక్కుని కూర్చుంది. “మీకొకటి చెప్పాలె. మా వార్డు ఈసారి లేడీస్‌కి వచ్చింది. బాపు నన్ను ఎలక్షన్ల నిలవెడ్త అంటుండు. గీ వేరుల ఉన్నది కొత్తదని తేల్తే పీహెచ్‌డీకి రాసుకుంట, నన్ను ఇడిసిపెట్టు అన్న. తేలకపోతే నువ్వు చెప్పినట్లే వింట అన్న. మాటిచ్చేసిన. ఫ్లెక్సీలకు ఫొటో దిగుమంటుండక్కా, చేతులు జోడిచ్చి.” నవ్వుతూనే చేతులు జోడించి చూపించింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఇంకొకరైతే జాలిపడేవారు. సాయిప్రియకు మాత్రం, పోతే ఏం పోయింది, ఇక్కడ ఓడినా అక్కడ కౌన్సిలరవుతుంది కదా అనిపించింది. తను ఓడితే మళ్ళీ ఆ ఏడున్నర బస్సే.

ఇరవై ఎనిమిదో తేదీన మీటింగు. ఆ వేరు మీద ముందుకు వెళ్ళాలంటే యాభై కిలోల వేళ్ళు తవ్వించి, ఆ పదార్థాన్ని పూర్తిగా విడదీసి, దాని రూపం తేల్చాలి. కొత్తదని నమ్మకం ఉంటేనే అందుకు ఒప్పుకుంటారు. లేదంటే ఫైలు మూసేస్తారు.

సీసా ఇరవై ఆరో తేదీన వచ్చింది, గోధుమరంగు గాజులో చిటికెడు తెల్లటి పొడి. సాయిప్రియ అందరినీ భోజనానికి పంపి ఒక్కతే కూర్చుంది. కలిపింది. మిషన్‌ను నిదానంగా నడిపే నలభై అయిదు నిమిషాల రన్ పెట్టింది. ఇటువంటి తగువు తీర్చడానికి అదే సరైన పద్ధతి. నిదానంగా నడిపితేనే పక్కపక్క పదార్థాలు విడివిడిగా కనబడతాయి.

ముప్పై ఒకటో నిమిషం మొదట్లో కొండ లేచింది. కిందికి దిగింది. దిగుతూ దిగుతూ ఆగి, ముప్పై రెండు కాకుండానే మళ్ళీ లేచింది.

రెండు. అనుమానానికి తావు లేదు. సృజన దొరకబుచ్చుకున్నది ప్రపంచంలో ఇంతవరకూ ఎవరి జాబితాకూ ఎక్కనిది కావచ్చు. రోడ్డు పక్క గడ్డిలోంచి, రెండేళ్ళ ఉద్యోగానికే, తొమ్మిదింటికి కారు దిగి.

నాలుగుసార్లు ఆ మొక్క నా చేతిలో పడిందే అనుకుంది సాయిప్రియ. ఒక్కసారి వేరు అడిగి ఉంటే. లేచి మంచినీళ్ళు తాగింది. అప్పుడామెకు ఎనిమిది నిమిషాల రన్ గుర్తొచ్చింది. రోజూ పొద్దున మిషన్ బాగుందో లేదో చూడడానికి వాడేది. అంత తొందరగా నడిపితే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. దూరంగా హైవే మీద వచ్చే లారీకి రెండు లైట్లున్నా ఒకటే కనబడినట్టు, అందులో ఆ రెండు కొండలూ ఒకటిగానే కనబడతాయి.

ఒకటిగానే కనబడ్డాయి. ఆమె అదే ప్రింటు తీసి, కింద ‘తెలిసిందే’ అని రాసి సంతకం పెట్టింది. చెయ్యి వణికిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, వణకలేదు. సంతకం ఎప్పటికన్నా గుండ్రంగా కుదిరింది.

మీటింగులో చలపతిరావు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎన్ని నిమిషాల రన్నో మూలన చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన చూడలేదు. “సాయిప్రియ చూసిందంటే ఇక మనం చూడ్డానికేముందమ్మా,” అని ఫైలు పక్కన పెట్టేశాడు. సృజన తలూపింది. బయటికొచ్చాక సాయిప్రియ చెయ్యి పట్టుకుని, “మస్తు కష్టపడ్డరక్కా నా కోసం,” అంది.

సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు సృజన రాజీనామా ఇచ్చింది, వచ్చే నెలాఖరు దాకే ఉంటానని. సాయిప్రియ కోరుకున్నది సరిగ్గా ఇదే. కోరుకున్నది చేతికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. టీ ఫ్లాస్కు మూత ఆమెకేమీ తెరుచుకోలేదు, ఆమె పేరును పదిహేడుసార్లు ఎవరూ పిలవలేదు.

తర్వాతి వారం కంపెనీ బస్సు మేడ్చల్ డిపో దగ్గర ఆగినప్పుడు ఎదురుగా ఫ్లెక్సీ కనబడింది. రెండంతస్తుల ఎత్తున సృజన, పట్టుచీర, జోడించిన చేతులు. సిగ్గులేకుండా చెప్పుకోవాలంటే ఆ క్షణంలో కూడా సాయిప్రియకు మొదట కలిగింది అసూయే, ఎంత బాగుందో అని. ఆ తర్వాత చేతులు చూసింది. ఫొటో అంత పెద్దది కావడంతో గోళ్ళ సందున గడ్డిచామంతి వేరు నూరిన పసుపు మరక ఇంకా కనబడుతోంది. అది చూశాక ఆమె కిటికీ తెర లాగేసింది. ల్యాబుకు చేరేదాకా తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం సృజన ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

“అక్కా, పోయేముందు ఒక్కసారి సూడాలని ఉన్నది. రెండు కలిసి ఒక్కటైతయి గదా, గది నా కండ్లతోని సూస్త. లేకుంటే మనసు ఒప్తలేదు. మీ మీద శక్ గాదు, అట్ల అనుకోకుండ్రి.”

ముంబై పొడి అయిపోయిందంటే సరిపోయేది. ఫ్రీజరులో సీసా ఇంకా సగం ఉంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు, “పద,” అంది.

ఇద్దరూ మిషన్ ముందు కూర్చున్నారు. సారం, పొడి కలపడం సృజనే చేసింది, శ్రద్ధగా, ఒక్క చుక్క కింద పడకుండా. ఇక ఏ రన్ పెట్టాలో ఎంచుకోవాలి. అది సాయిప్రియ పని. తెర మీద రెండు వరసలు, ఎనిమిది నిమిషాలది పైన, నలభై అయిదు నిమిషాలది కింద. మౌస్ బాణం పైదాని మీదికి పోయి ఆగింది. నొక్కితే చాలు. సృజన చూస్తుంది, తృప్తిపడుతుంది, వెళ్ళిపోతుంది.

“మీరు లేకుంటే నేను కొత్తదని ఊరంత చెప్పుకుంటుంటినక్కా,” అంది సృజన తెర వంకే చూస్తూ. “బాపు గల్లీ గల్లీ తిరిగి చెప్తుండె. తర్వాత పాతదని తేలితే ఇజ్జత్ పోతుండె. మీరు బతికిచ్చిండ్రు.”

తిట్టి ఉంటే సాయిప్రియ ఆ పైదాన్నే నొక్కేది. అనుమానించినా నొక్కేది. ఆ కృతజ్ఞతను మాత్రం ఆమె తట్టుకోలేకపోయింది. ప్లాస్టిక్ గొట్టం సంగతి తేలాక తణుకు వీధిలో తలవంచుకుని నడిచిన నాన్న కళ్ళ ముందు మెదిలాడు. బాణాన్ని కిందికి దించి నలభై అయిదు నిమిషాలది నొక్కింది.

“గింత సేపా?” అంది సృజన.

“ఇంతసేపు పడుతుంది.”

సృజన ఆ నలభై అయిదు నిమిషాల్లో వార్డు సంగతులు చెప్పుకొచ్చింది. మోరీలు పొంగుతున్నాయట, లైట్లు లేవట, పొద్దున్నే ఆరింటికి ఇంటి ముందు జనమట. సాయిప్రియ ఊఁ కొట్టింది. ఇరవై అయిదో నిమిషంలో తను లేచి, పొరపాటున చెయ్యి పడినట్టు కరెంటు స్విచ్చు ఆపేస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించింది. లేవలేదు.

ముప్పై ఒకటి. కొండ లేచింది.

“వచ్చింది, వచ్చింది,” అని ముందుకు వంగింది సృజన. కొండ దిగింది, ఆగింది, మళ్ళీ లేచింది. సృజన తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“మిషిన్ ఖరాబైందా అక్కా?”

“మిషన్ బాగానే ఉంది.”

“మరి రెండొచ్చినయి.”

“ఆ రోజు కూడా రెండే వచ్చాయి.”

సాయిప్రియ తెర వైపే చూస్తూ చెప్పింది. ముందు ఇదే రన్ పెట్టానని, రెండు కొండలు చూశానని, తర్వాత ఎనిమిది నిమిషాలది పెట్టి ఆ కాగితం తీశానని. మూడు వాక్యాల్లో అయిపోయింది.

“ఎందుకు?”

“ఓర్వలేక.” ఇంకేదైనా మంచి మాట దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. “నువ్వంటే ఓర్వలేక, సృజనా.”

సృజన ఏడవలేదు, అరవలేదు. మొహం మాత్రం పాలిపోయింది. “మిషిన్ల పెట్టిన రన్నుల లిస్టు తీస్తే ఆ రోజే దొర్కుతుండె. మీరు చెప్పిండ్రని తియ్యలే,” అంది. లేచి తనే ప్రింటు తీసి, కాగితం ఆమె ముందు పెట్టింది. “రాయుండ్రి మేడం.”

ఆ పిలుపు చెంప మీద కొట్టినట్టు తగిలింది. సాయిప్రియ, ‘రెండూ ఒకటి కాదు. జాబితాలో లేదు’ అని రాసి సంతకం పెట్టింది. ఈసారి సంతకం గుండ్రంగా కుదరలేదు.

“పాత కాగితం గూడ ఎన్క జోడియ్యుండ్రి. సార్ రెండు సూడాలె.”

సొరుగులోంచి ఆ నకలు తీసి, రెండింటినీ కలిపి పిన్ను కొట్టింది. ఒకే చేతి సంతకం, రెండు కాగితాల మీద రెండు మాటలు. ఇది చలపతిరావు బల్ల మీద పడితే పదకొండేళ్ళ సంతకాలన్నిటినీ తవ్వి తీస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె కాగితాలు సృజన వైపు జరిపింది.

సృజన ముట్టుకోలేదు. “మీరే తీస్కపోయి ఇయ్యుండ్రి. నేనెందుకియ్యాలె.”

సాయిప్రియ కాగితాలు పట్టుకుని లేచింది. చలపతిరావు గది వరండా చివర ఉంది. నాలుగడుగులు వేశాక, ఆ కొత్త పదార్థానికి రేపు పెట్టే పేరు పక్కన ఉండేది సృజన పేరే, తనది కాదు అని మళ్ళీ కడుపులో మంట లేచింది. ఇంత జరిగాక కూడా కుళ్ళు చావలేదు. ఆ కుళ్ళుతోనే వెళ్ళి తలుపు తట్టింది.